హెప్టోడానుకు పెట్టిన మూతి

పెన్నకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయిందే, ఆ వరద తరువాత వచ్చిన మొదటి ఎండాకాలంలో జరిగింది ఇది.

మైపాడు పోయే దారిలో, సముద్రం హోరు చెవికి అందేంత దూరంలో, ఒక ఆసామి తన రొయ్యల గుంటలు పూడ్చి పిల్లల పార్కు కట్టించాడు. ఉయ్యాలలూ జారుడు బల్లలూ ఉండే పార్కు కాదు. ఒకప్పుడు భూమ్మీద తిరిగి ఇప్పుడు కంటికి కనపడకుండా పోయిన జంతువులను సిమెంటుతో చేయించి నిలబెట్టే పార్కు. ఆ పనికి కొడవలూరు నుంచి హజరత్తయ్యను పిలిపించారు. ఆయన వెంట బామ్మర్ది ముత్యాలయ్య వచ్చాడు.

హజరత్తయ్యది సిమెంటు బొమ్మల పని. కడ్డీలు వంచి, ఇనుప వల చుట్టి, సిమెంటు మెత్తి, తాపీతో ప్రాణం పోసే పని. కోవూరు చుట్టుపక్కల గుళ్ల మీద ఆయన పెట్టిన సింహాలూ ఏనుగులూ లెక్కలేనన్ని. వినాయకుడికి తొండం తిప్పాలంటే హజరత్తయ్యే తిప్పాలి అనేవాళ్లు. అయితే అది నోటి మాట పేరే. గుడిగోడ పలక మీదికి చందా ఇచ్చినవాళ్ల పేర్లు ఎక్కుతాయి, పూజారి పేరు ఎక్కుతుంది, ఒక్కోసారి మైకు పెట్టినవాడి పేరూ ఎక్కుతుంది. బొమ్మ చేసినవాడి పేరు ఎక్కిన గుడి ఆయన ఇంతవరకు చూడలేదు. ఈ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు. అసలు ఆయన ఏ సంగతీ ఎవరితోనూ పెద్దగా అనే మనిషి కాదు.

అందుకే పార్కు పని చూసుకునే సుప్రియ మొదటిరోజు చెప్పిన మాట ఆయన గుండెలో దిగబడిపోయింది.

"గేటు దగ్గర ఒక దిమ్మె కట్టిస్తున్నాం. ముందు ఈ రెండు జంతువులూ చేయండి. ఏది బాగా కుదిరితే దాన్ని క్రేనుతో ఎత్తి దిమ్మె మీద పెడతాం. కింద దాని పేరు, చేసినవాళ్ల పేరు సిమెంటు అక్షరాలతో పోయిస్తాం."

చదువుకున్న పిల్ల. పాతకాలం ఎముకల గురించి చదివింది. మాట మెత్తగా ఉంటుంది గాని అనుకున్నది అనుకున్నట్టు రావాలనే రకం. రెండు బొమ్మల కాగితాలు బల్ల మీద పరిచింది. ఒకటి ఒళ్లంతా బొచ్చున్న ఏనుగు, మామత్ అంట. రెండోదాన్ని చూస్తే ఏం జంతువో అర్థం కాలేదు.

పెద్దవాడు గనక హజరత్తయ్య ముందు ఏరుకున్నాడు. ఏనుగు మీద వేలు పెట్టాడు. ఎవరైనా అదే ఏరుకుంటారు. మిగిలింది ముత్యాలయ్యకు వచ్చింది.

"ఇదేంది మేడం, పందా?" అన్నాడు ముత్యాలయ్య.

"పంది కాదండీ. టేపిర్ అని మలేషియా అడవుల్లో ఒక జంతువు ఉంది. దానికి పాతకాలం చుట్టం ఇది. హెప్టోడాన్ అంటారు. ఐదు కోట్ల ఏళ్ల కిందటిది. ఎముకలు అమెరికాలో దొరికాయి."

"ఎంతుంటది?"

"గొర్రె అంత."

హజరత్తయ్య మీసం కింద నవ్వుకున్నాడు. గొర్రె అంత.

"ముందు కాళ్లకు నాలుగు వేళ్లు, వెనక కాళ్లకు మూడు" అంది సుప్రియ.

"చూస్తివా బావా, బ్రహ్మదేవుడికి గూడా సిమెంటు చాలనట్టుండాది" అన్నాడు ముత్యాలయ్య. ఎప్పుడూ అంతే, ఏదో ఒక హాస్యం ఆడకుండా ఉండలేడు.

"మూతి దగ్గర మాత్రం జాగ్రత్త" అంది సుప్రియ. ఫోనులో టేపిర్ బొమ్మ చూపించింది. నలుపూ తెలుపూ ఒళ్లు, ముందుకు వాలిన పొట్టి తొండం. "ఇప్పటి టేపిర్‌కి ఇలా చిన్న తొండం ఉంది. దీనికి ఇంకా రాలేదు. పై పెదవి కాస్త సాగి ఉంటుందని ఊహ. మాంసం మిగలదు కదా, ఎముకను చూసి ఊహించుకోవడమే."

తొండం ఇంకా రాని జంతువు. హజరత్తయ్యకు దాని మీద జాలి కూడా కలగలేదు. తన ఏనుగుకు కడ్డీలు వంచుకోవడంలో పడ్డాడు.

పని మొదలైన నాలుగు రోజులకే తేడా వచ్చింది.

గేటు పక్కన జబీనా టీ బంకు ఉంది. అందరికీ టీ తెచ్చిచ్చేది ఆమే. ఏనుగు కాళ్ల సందునుంచి దూరి వచ్చి ముత్యాలయ్య ముందు నిలబడింది.

"ముత్యాలన్నా, దీని పేరేందన్నావు?"

"హెప్టోడాను."

"నా నోటికి తిరగదు గాని, నేను బుజ్జిమూతి అంటా. చూడు, ఎట్ట చూస్తుండాదో, బిస్కెట్టు అడిగేటట్టు!"

ఆ రోజునుంచి అది బుజ్జిమూతి అయిపోయింది. చేపల తట్టలతో పోయే ఆడవాళ్లు తట్ట దించి మరీ చూసి పోయేవాళ్లు. పందా, గుర్రప్పిల్లా, గున్న ఏనుగా అని పందేలు కాసేవాళ్లు. సముద్రం చూడ్డానికి పోయే కార్లు ఆగేవి. కారు దిగినవాళ్లు ఏనుగు వైపు ఒకసారి తలెత్తి చూసి, "ఏనుగే గదా, బొచ్చు పెట్టినారు" అని బుజ్జిమూతి దగ్గరికి పోయేవాళ్లు.

ఏనుగే గదా. ఆ మాట హజరత్తయ్య చెవిలో తేనెటీగ దూరినట్టు దూరింది. మంచె మీద కూర్చుని ఏనుగు నుదురు తీరుస్తూ కిందికి చూసేవాడు. కింద ముత్యాలయ్య చుట్టూ జనం. తాపీ ఎట్లా పట్టుకోవాలో తను నేర్పిన చెయ్యి అది. తండ్రి పోయిన పిల్లవాడని భార్య చెంచమ్మ తీసుకొచ్చి తన ముందు నిలబెడితే, ఇసుక జల్లెడ పట్టడం దగ్గరనుంచి నేర్పాడు. ఆ చెయ్యి ఇప్పుడు గొర్రె అంత జంతువును చేసి ఊరందరినీ ఆపుతోంది. హజరత్తయ్యకు ఛాతీలో కుంపటి పెట్టినట్టు ఉండేది. ఇచ్చిన టీ చల్లారిపోయేది.

ఇంట్లోనూ అదే గోల. చెంచమ్మ ఒకరోజు సద్ది తెచ్చి తమ్ముడి పని చూసి పోయింది. ఆ రాత్రి అన్నం పెడుతూ, "కడుపు ఎట్ట పెట్టినాడయ్యా! ఊపిరి తీస్తున్నట్టే ఉండాది" అంది.

హజరత్తయ్య కంచం ముందుకు నెట్టాడు. "పులుసులో ఉప్పెక్కువైంది."

"ఉప్పు సరిగ్గానే ఉండాది. ఎక్కువైంది ఇంకోటి" అని చెంచమ్మ కంచం మళ్లీ ఇవతలికి జరిపింది.

ఏనుగును ఇంకా గొప్పగా చెయ్యాలని ఆయన చెయ్యి తొందరపడింది. దంతాలు పెంచాడు. బొచ్చు పాయలు పాయలుగా దువ్వాడు. అంతటితో ఆగకుండా మెడలో గొలుసు వేసి, గొలుసుకు గంటలు వేలాడదీసి, నుదుటి మీద పట్టం కట్టాడు. ఆయన చేసిన ఏనుగులన్నీ దేవుడి ఏనుగులే గనక ఆ చేతికి వేరే ఏనుగు తెలియదు. రెండురోజులు కష్టపడి చేసిన గంటలు. దూరం నుంచి చూస్తే మోగుతాయేమో అనిపించేవి.

సుప్రియ వచ్చి ఏనుగు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. తరువాత మెల్లగా, "హజరత్తయ్య గారూ, గంటలు చాలా బాగున్నాయి. కానీ ఇది అడవి ఏనుగు. దీన్ని పట్టి గంట కట్టినవాళ్లు ఎవరూ లేరండీ" అంది.

ముత్యాలయ్య తలగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగాడు. భుజాలు ఊగుతున్నాయి. జబీనా అయితే బాహాటంగానే నవ్వింది. "అన్నా, నుదుటి మీద నామాలు గూడా పెట్టుంటే నేరుగా కొండకే పంపించుండొచ్చు!"

హజరత్తయ్య ఉలి తీసుకుని గంటలు ఒక్కొక్కటే రాలగొట్టాడు. రాలిన గంట ఒకటి దొర్లుకుంటూ పోయి బుజ్జిమూతి కాళ్ల దగ్గర ఆగింది. అది దాన్ని వాసన చూస్తున్నట్టే ఉంది.

ఆ మరుసటి వారం, ముత్యాలయ్య పొద్దున్నే బుజ్జిమూతికి మూతి పూత పూశాడు. చిట్టచివరి పూత అది. పని ముగుస్తుండగా ఫోను వచ్చింది. గూడూరు ఆసుపత్రిలో అతని భార్య సాయిలక్ష్మికి నొప్పులు మొదలయ్యాయి. చేతులకున్న సిమెంటు కూడా సరిగ్గా కడుక్కోకుండా, మూతికి తడిగోనె చుట్టి, బావ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"బావా, మూతి మీద గోనె ఆరనీబాక. పడమటి గాలి కొడతా ఉండాది. నేను రేపు సాయంత్రానికి వచ్చేస్తా."

"ఊ" అన్నాడు హజరత్తయ్య.

పచ్చి సిమెంటుకు నీళ్లు తల్లిపాల లాంటివి. అవి అందకపోతే బిగుసుకోదు, పగులుతుంది. అందులోనూ ఒంటినుంచి బయటకు పొడుచుకొచ్చిన మూతికి గాలి అన్నివైపులా తగులుతుంది. అక్కడ బోరు నీళ్లు ఉప్పు. ఉప్పునీళ్లు పోస్తే లోపల కడ్డీ తుప్పు పట్టి బొమ్మ ఉబ్బిపోతుంది. అందుకని ట్యాంకరు మంచినీళ్లు తెచ్చి రోజూ రెండు డ్రమ్ములు నింపి పోయేది. ఆరోజు ట్యాంకరువాడు ఒక్క డ్రమ్మే నింపాడు. మిగతావి కోవూరులో పెళ్లికి పోయాలంటూ వెళ్లిపోయాడు.

ఒక్క డ్రమ్ము. ఏనుగు ఒళ్లు పెద్దది, ఎంత పోసినా తాగేస్తుంది. హజరత్తయ్య వీపు మీద పోశాడు, పక్కల మీద పోశాడు, తొండం మీద పోశాడు. మధ్యాహ్నానికి పడమటి గాలి లేచింది. పొయ్యి నోట్లోంచి వచ్చినట్టు ఉంది. డ్రమ్ము అడుగున ఒక్క చెంబు నీళ్లు మిగిలాయి. ఆ మూతికి ఒక్క చెంబు చాలు.

చెంబు పట్టుకుని బుజ్జిమూతి వైపు నడిచాడు. సగం దూరం పోయాడు కూడా. అప్పుడే గేటు దగ్గర ఒక కారు ఆగింది. అందులోనుంచి దిగిన ఇల్లాలు పిల్లలను పిలుస్తూ, "ఇటు రాండ్రా, ఏనుగు సంగతి తరువాత, ముందు దీన్ని చూడండి" అంది.

హజరత్తయ్య వెనక్కు తిరిగాడు. ఆ చెంబు నీళ్లు ఏనుగు కాలి మీద పోశాడు. ఆ కాలు అప్పటికే తడిగా ఉంది.

మరుసటి రోజు పొద్దున ట్యాంకరు రాలేదు. హజరత్తయ్య బుజ్జిమూతి వైపు చూడకుండా ఏనుగు తోక పని పెట్టుకున్నాడు. అటు చూడకుండా ఉండడం ఎంత కష్టమో ఆ పూట తెలిసింది ఆయనకు.

మధ్యాహ్నం చెంచమ్మ సద్ది పట్టుకుని, చంకలో మంచినీళ్ల క్యాను పెట్టుకుని వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"ఆడపిల్లయ్యా! తల్లీబిడ్డా బాగుండారంట. నా తమ్ముడు ఫోనులో ఏడస్తా ఉండాడు, ఎర్రి నాయాలు."

అంటూనే తమ్ముడి జంతువు దగ్గరికి పోయింది, ఆ సంతోషం దానికీ చెప్పాలన్నట్టు. గోనె మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి ఆగిపోయింది. గోనె అప్పడంలా ఉంది. మెల్లగా ఎత్తింది. ముక్కు రంధ్రం దగ్గర మొదలై చెంప దాకా వెంట్రుకంత సన్నని పగులు, దానికి ఇటూ అటూ ఇంకో రెండు.

చెంచమ్మ గోనె మళ్లీ కప్పింది. ఏనుగు దగ్గరికి వచ్చి దాని కాళ్ల కింద నేల చూసింది. బుజ్జిమూతి కింద నేల చూసింది.

"నీ ఏనుగు కింద బురదుండాది" అంది. "వాడి దాని కింద దుమ్ముండాది."

అంతే. అరవలేదు, తిట్టలేదు. సద్ది గిన్నె మూత తీసి పెట్టి, నీళ్ల క్యాను పక్కన పెట్టి, తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. అరిచి ఉంటే హజరత్తయ్య కూడా అరిచి ఉండేవాడు. ఇప్పుడు ఆయనకు చెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

అన్నం ముట్టలేదు. చాలాసేపు కూర్చుని ఆలోచించాడు. ఎవరికీ తెలియదు. ముత్యాలయ్య వచ్చి చూసి, ఇసుకలో సిమెంటు పాలు ఎక్కువైంది, నాదే తప్పు అనుకుంటాడు. చెంచమ్మ తమ్ముడికి చెప్పదు, మొగుడి పరువు తీసే మనిషి కాదు. దిమ్మె మీద ఏనుగు ఎక్కుతుంది. కింద హజరత్తయ్య అని అక్షరాలు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కాని బుజ్జిమూతి గోనె కింద మొహం దాచుకున్నట్టు నిలబడి ఉంది, బడిలో దెబ్బలు తిన్న పిల్లలాగా.

లేచి పోయి గోనె లాగేశాడు. ఉలి పెట్టి పగిలిన మూతిని రాలగొట్టాడు, లోపలి వల కనపడేదాకా. వల మీద నీళ్లు చల్లడానికీ సిమెంటు కలపడానికీ తాగే నీళ్ల క్యాను వాడాడు. వేరే మంచినీళ్లు లేవు.

మూతి పెట్టడం మొదలుపెట్టాడు. పెట్టిన కాసేపటికే చూస్తే చివర ఎడమవైపుకు తిరిగి ఉంది, వినాయకుడి తొండం మాదిరి. తీసేశాడు. మళ్లీ పెట్టాడు. మళ్లీ తిరిగింది. ముప్పై ఏళ్ల అలవాటు ఆ వేళ్లలో కూర్చుని ఉంది. ఇంకా రాలేదు అని సుప్రియ అన్న మాట గుర్తొచ్చింది. రాని తొండాన్ని ఎట్లా పెట్టేది?

తల ఎత్తాడు. కంచె అవతల జబీనా మేక ఒకటి తుమ్మకొమ్మ కింద నిలబడి ఉంది. కింది ఆకులన్నీ తినేసింది. పైన ఒక రెమ్మ అందడం లేదు. మెడ చాపింది. మెడ చాలలేదు. అప్పుడు పై పెదవిని ముందుకు సాచింది. ఆ పెదవి చివర సన్నగా, మెత్తగా, అదురుతూ, రెమ్మకు వెంట్రుక దూరంలో ఆగిపోయింది. అంతకు మించి సాగదు. అయినా సాచడం మానలేదు.

హజరత్తయ్య తాపీ పక్కన పారేసి వేళ్లతోనే పెట్టాడు. ఎవరి బొమ్మకు పెడుతున్నదీ కాసేపు మరచిపోయాడు. ముగిసేసరికి ఎండ వాలింది. నీళ్ల క్యానులో మిగిలిందంతా గోనె మీద పోసి, మూతికి తగలకుండా పైన పందిరిలా కప్పాడు.

సాయంత్రం సుప్రియ కారులో వచ్చింది. గోనె పైకెత్తి మోకాళ్ల మీద కూర్చుని చూసింది. చూస్తూనే ఉంది.

"ఇదే" అంది చివరికి. "నిన్నటి దాకా బాగుంది అనుకున్నా. చివరి పూత పడ్డాక చూస్తే దీనికి ఏదో కావాలి అన్నట్టు ఉంది. దిమ్మె మీదికి ఇదేనండీ. ఏమంటారు హజరత్తయ్య గారూ?"

సరిగ్గా ఆ వేళకే ముత్యాలయ్య బస్సు దిగి లడ్డూ పొట్లం పట్టుకుని వచ్చాడు. సుప్రియ లేచి అతని చెయ్యి పట్టుకుని ఊపేసింది. "కూతురు పుట్టిందట కదా! ఇంకో సంగతి చెప్పనా, గేటు దగ్గర మీ హెప్టోడానే. కింద మీ పేరే. ఆ మూతి ఒక్కటి చాలు."

ముత్యాలయ్య సంతోషంతో మూతి దగ్గరికి వంగాడు. వంగినవాడు అట్లాగే ఉండిపోయాడు. తన చెయ్యి తనకు తెలియదా? తిరిగి బావ వేళ్ల వైపు చూశాడు. గోళ్ల సందుల్లో ఇంకా పచ్చిసిమెంటు.

"మేడం, ఈ మూతి నేను..."

"మావాడి చెయ్యి మొదటినుంచీ మంచిది" అన్నాడు హజరత్తయ్య గట్టిగా, అడ్డం పడి.

మూతి నాది అనాలంటే గోనె సంగతీ చెప్పాలి. ఒక్క చెంబు నీళ్ల సంగతీ చెప్పాలి. అది చెప్పలేక అన్న మాట. కాని విన్నవాళ్లకు అది వేరేగా వినపడింది.

"ఎంత పెద్ద మనసండీ మీది" అంది సుప్రియ.

"మా హజరత్తన్న మాట్లాడడు గాని మనసు వెన్న" అని జబీనా అందరికీ టీ పోసింది.

హజరత్తయ్య టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. తను పెట్టిన మూతి. దాని మీద ఇంకొకడి పేరు. ఇన్నాళ్లూ ముత్యాలయ్య చెయ్యి చూసి కుళ్లుకున్నాడు, ఇప్పుడు తన చెయ్యి చూసి తనే కుళ్లుకోవలసి వచ్చింది. ఇంత అన్యాయం ఏ గుడిలోనూ జరగలేదు.

సుప్రియ వెళ్లాక బావాబామ్మర్దులిద్దరూ ఏనుగు నీడలో కూర్చున్నారు. ముత్యాలయ్య అడిగాడు.

"గోనె ఆరిందా బావా?"

"ఊ."

"ఆరిందా, ఆరనిచ్చినావా?"

హజరత్తయ్య నేల వైపు చూశాడు. "ఊ" అన్నాడు మళ్లీ.

ముత్యాలయ్య మొహం కాసేపు గట్టిపడింది. తరువాత పొట్లం విప్పి ఒక లడ్డూ తీసి బావ చేతిలో పెట్టాడు.

"పాపకు నా ముక్కే వచ్చింది బావా, చప్పిడి ముక్కు" అన్నాడు. "దానికి గూడా నువ్వే పెట్టుంటే బాగుండు."

హజరత్తయ్య లడ్డూ నోట్లో పెట్టుకున్నాడు. తియ్యగానే ఉంది.

మరుసటి రోజు పొద్దున, చెంచమ్మ టీ పెట్టకముందే హజరత్తయ్య మోపెడ్ తీశాడు. పార్కుకు వచ్చేసరికి ట్యాంకరు డ్రమ్ములు నింపుతోంది. దిమ్మె దగ్గర మేస్త్రీ ఒకడు అక్షరాల కోసం చెక్క అచ్చు సరిచూసుకుంటున్నాడు. అచ్చులో మొదటి అక్షరం "ము". హజరత్తయ్య అక్కడ ఆగి దాన్ని పైకీ కిందికీ చూశాడు. ఛాతీలో కుంపటి చల్లారలేదు, అట్లాగే ఉంది. కొంచెం వంకరగా ఉందని మేస్త్రీతో అన్నాడు. నిజానికి తిన్నగానే ఉంది.

డ్రమ్ములో చెంబు ముంచాడు. ఏనుగు పక్కనుంచే నడిచి పోయాడు. దాని వీపు మీద గోనెలన్నీ తెల్లారేసరికి ఎండిపోయి ఉన్నాయి. దాన్ని దాటి పోయి, బుజ్జిమూతి ముందు కూర్చుని, గోనె మీద నీళ్లు కొద్దికొద్దిగా, ధార తగలకుండా అరచెయ్యి అడ్డం పెట్టి పోశాడు. గోనె చివరనుంచి చుక్కలు కారేదాకా అక్కడే ఉన్నాడు. కింద దుమ్ము నల్లబడింది.

ఆ తరువాత పోయి ఏనుగు సంగతి చూశాడు.